నల్లకుంటలో ఒక కంటి క్లినిక్: అద్దాల నంబరు కోసం వెళితే గుండె జబ్బు బయటపడింది

నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రికీ శంకర మఠానికీ మధ్యనున్న గల్లీల్లో ఒకదానిలో, మందుల దుకాణం పైన మొదటి అంతస్తులో ఒక చిన్న కంటి క్లినిక్ ఉంది. ఒక డాక్టరు గారు, చూపు పరీక్షించే ఒక అమ్మాయి, కౌంటరు దగ్గర ఒక పెద్దాయన, ఈ ముగ్గురే దాన్ని నడుపుతారు. గత ఆగస్టులో మా తమ్ముడికి కళ్లద్దాల నంబరు చూపించడానికి అక్కడికి తీసుకువెళ్లాను. ఆ సాయంత్రం అక్కడ జరిగిన పరీక్ష వల్లే అతని గుండె వాల్వుకు సోకిన ఇన్ఫెక్షన్ బయటపడింది. క్లినిక్ పేరు గానీ తన పేరు గానీ రాయవద్దని డాక్టరు గారు కోరారు కనుక రాయడం లేదు. పేరు లేని సమీక్ష వల్ల ప్రయోజనమేమిటని కొందరికి అనిపించవచ్చు. కంటి పరీక్ష ఎంత శ్రద్ధగా జరగాలో, అది ఎంత దూరం చూడగలదో ఆ రోజు నేను కళ్లారా చూశాను. ఏ క్లినిక్‌కు వెళ్లినా మీరు ఆ శ్రద్ధను వెతుక్కోవాలన్నదే నా కోరిక కాబట్టి, జరిగింది జరిగినట్టు వివరంగా రాస్తున్నాను.

ముందు జ్వరం సంగతి చెప్పాలి. తమ్ముడికి 41 ఏళ్లు, విద్యానగర్‌లో జిరాక్స్, డీటీపీ సెంటరు నడుపుతాడు. జూలై రెండో వారంలో అతనికి జ్వరం మొదలైంది. వానాకాలంలో హైదరాబాదులో ఎవరికి జ్వరం వచ్చినా ముందు డెంగ్యూ, మలేరియా, టైఫాయిడ్ అనే అనుకుంటాం. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని 1897లో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది సికింద్రాబాదులోనే, మన ఫీవర్ ఆసుపత్రి అసలు పేరులో ఉన్నదీ ఆయనే కనుక ఈ ఊరికి జ్వరాలు కొత్త కావు. మా ఇంటి దగ్గరి క్లినిక్‌లో రక్తపరీక్షలు చేయించారు. డెంగ్యూ లేదన్నారు, మలేరియా లేదన్నారు, వైడాల్ పరీక్షలో టైఫాయిడ్ వచ్చిందని ఏడు రోజులకు యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. మాత్రలు వేసుకున్నన్నాళ్లు జ్వరం తగ్గింది, ఆపిన నాలుగో రోజుకు మళ్లీ వచ్చింది. ఇంకో రకం మాత్రలు ఐదు రోజులు వాడితే మళ్లీ అలాగే తగ్గి మళ్లీ వచ్చింది. మనిషి ఆరు కిలోలు తగ్గాడు. మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడని మరదలు చెబితే, జ్వరం పడ్డవాడు నీరసపడక ఏం చేస్తాడని నేనే సర్దిచెప్పాను.

వైడాల్ ఒక్కదాన్నే పట్టుకుని టైఫాయిడ్ అని తేల్చకూడదని, జ్వరం వారాల తరబడి సాగుతున్నప్పుడు యాంటీబయాటిక్ ఇచ్చే ముందే రక్తం కల్చరుకు, అంటే అందులో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్షకు పంపాలని నాకు తరువాత తెలిసింది. అది తెలిసినప్పటి నుంచీ ఒక బాధ మనసులో ఉండిపోయింది. ఆ ఐదు వారాల్లో ఎవరూ అతని ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి నిదానంగా వినలేదు. చిన్నప్పుడు పెద్ద జబ్బేమైనా చేసిందా అని అడగలేదు. అడిగి ఉంటే మేము చెప్పేవాళ్లం. తొమ్మిదో ఏట సూర్యాపేటలో ఉన్నప్పుడు వాడికి గొంతునొప్పి వచ్చి తగ్గాక మోకాళ్లు, చీలమండలు ఒకదాని తరువాత ఒకటి వాచాయి. కీళ్లవాతపు జ్వరమన్నారు. అది మళ్లీ రాకుండా ఇరవై ఒక్క రోజులకొకసారి పెనిడ్యూర్ అనే పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించడానికి అమ్మ వాణ్ణి బస్సులో తీసుకువెళ్లేది. ఆ ఇంజెక్షన్ ఎంత నొప్పి పెట్టేదంటే, తారీకు దగ్గర పడుతోందంటే వాడు క్యాలెండరు వైపు చూసేవాడు కాదు. ఇంటర్‌లో చేరాక అవి ఆగిపోయాయి. వాడు బాగానే ఉన్నాడు కాబట్టి ఆ సంగతే మా అందరి మనసుల్లోంచి జారిపోయింది. ఆ జ్వరం కీళ్లను వదిలిపెట్టినా గుండె వాల్వు మీద మచ్చ మిగిల్చి పోవచ్చని, అలాంటి వాల్వుకు తరువాత ఎప్పుడో ఇన్ఫెక్షన్ సోకే ప్రమాదం మామూలు వాల్వు కంటే ఎక్కువని ఇప్పుడు తెలుసు.

ఆగస్టు మూడో వారంలో ఒక రోజు ఫోన్ చేసి, "అక్కా, కుడి కంట్ల పొగ కమ్మినట్టున్నది. చదువుతుంటే లైను నడుమ అక్షరాలు కనబడ్తలేవు" అన్నాడు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాడు, నలభై దాటింది, అద్దాల నంబరు మారి ఉంటుందని ఇద్దరం అనుకున్నాం. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. 2023 వానాకాలంలో నగరమంతా కళ్లకలకతో అల్లాడినప్పుడు ఇంటిల్లిపాదీ ఎర్రటి కళ్లతో ఆసుపత్రికి పరుగెత్తాం గానీ, ఈసారి తొందరపడవలసిన పని ఉందని మాకు తోచలేదు. జ్వరానికీ ఈ మసకకూ సంబంధం ఉండవచ్చన్న ఆలోచన అసలే రాలేదు.

క్లినిక్‌లో కౌంటరు దగ్గరి పెద్దాయన ఒక కాగితం ఇచ్చి వివరాలు రాయించుకున్నారు. తరువాత చూపు పరీక్షించే అమ్మాయి లోపలికి పిలిచింది. ఎడమ కంటితో తమ్ముడు అక్షరాల పలక మీది చివరి వరుస దాకా తడుముకోకుండా చదివాడు. కుడి కంటితో నాలుగో వరుస దగ్గర ఆగిపోయాడు. ఆ అమ్మాయి ట్రయల్ ఫ్రేములో ఒక అద్దం తీసి ఇంకొకటి పెట్టి, ఓపికగా ఏడెనిమిది సార్లు మార్చి చూసింది. నాలుగో వరుస దాటలేదు. అప్పుడు సూది బెజ్జాలంత రంధ్రాలున్న నల్లటి బిళ్ల ఒకటి ఆ కంటికి అడ్డం పెట్టి మళ్లీ చదవమంది. నంబరు దోషం వల్ల చూపు మసకబారితే ఆ బెజ్జం గుండా చూసినప్పుడు అక్షరాలు తేటపడతాయట. కంటి వెనుక పొర అయిన రెటీనాలోనో ఇంకెక్కడో లోపం ఉంటే తేటపడవు. తమ్ముడికి తేటపడలేదు. "అన్నా, ఇది అద్దాలతోటి పొయ్యేది కాదు. మేడమ్ లోపల చూడాలె, చుక్కలు వేస్తా, కూసోండి" అని ఆ అమ్మాయి చెప్పింది. షాపు మూసి వచ్చామని, నంబరు రాసిస్తే చాలని మేము అడిగాం. ఆమె మెత్తగానే చెప్పింది గానీ, చీటీ మాత్రం రాయలేదు. ఇరవయ్యేళ్లు దాటి రెండు మూడేళ్లయి ఉంటుంది ఆమెకు. రోజుకు ఎన్నో జతల కళ్లు చూస్తూ, ఒక్క చవక బిళ్లతో ఆ తేడాను పట్టుకుని, మా తొందరకు లొంగకుండా నిలబడింది. ఈ క్లినిక్‌ను మెచ్చుకోవడం మొదలుపెడితే నేను ముందు ఆ అమ్మాయి దగ్గరే మొదలుపెడతాను.

కనుపాప పెద్దది కావడానికి పది నిమిషాలకొకసారి మూడు సార్లు చుక్కలు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. ముప్పావు గంట తరువాత డాక్టరు గారు పిలిచారు. యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతారు. కంటిని పెద్దదిగా చేసి చూపే స్లిట్ ల్యాంప్ యంత్రం దగ్గర గడ్డం ఆనించమని ఒకసారి, తలకు దీపం కట్టుకుని చేతిలో గుండ్రటి అద్దం పట్టుకుని, తమ్ముణ్ణి పడుకోబెట్టి పైకి, కిందికి, ముక్కు వైపు, చెవి వైపు చూడమంటూ ఇంకొకసారి, రెండు కళ్ల లోపలా చూశారు. బాగున్న ఎడమ కంటినీ అంతసేపే చూశారు. తలకు కట్టుకున్న దీపం ఆర్పేసి ఆమె అడిగిన మొదటి ప్రశ్నకు కంటితో సంబంధం లేదు.

"ఈ మధ్య జ్వరం ఏమైనా వస్తోందా అండీ?"

"నెల దాటింది మేడమ్. సాయంత్రమైతే సలి పెట్టి ఒళ్లు కాలుతది, తెల్లారేసరికి సెమటలు పట్టి దిగుతది."

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. బరువు తగ్గారా, ఆయాసం ఉందా, ఈ మధ్య పన్ను పీకించుకున్నారా, చిన్నప్పుడు కీళ్లు వాచాయా, గుండెలో శబ్దముందని ఎవరైనా అన్నారా అని ఒక్కొక్కటే అడిగారు. కీళ్ల మాట వినగానే నాకు పెనిడ్యూర్ గుర్తొచ్చింది. జూన్‌లో దవడ పన్ను చీము పట్టి పీకించుకున్న సంగతి తమ్ముడే చెప్పాడు. ఆమె అతని కింది రెప్పను బొటనవేలితో లాగి నన్ను దగ్గరికి రమ్మన్నారు. రెప్ప లోపలి పాలిపోయిన చర్మం మీద కుంకుమ రేణువులు చల్లినట్టు నాలుగైదు ఎర్రటి చుక్కలు ఉన్నాయి. ఐదు వారాలుగా రోజూ అద్దంలో మొహం చూసుకుంటున్న మనిషికి అవి కనిపించే అవకాశమే లేదు, రెప్ప తిప్పితేనే కనిపిస్తాయి. తరువాత చేతులు చాపమని గోళ్లు చూశారు. రెండు గోళ్ల కింద సన్నటి పేడు గుచ్చుకున్నట్టు ముదురు ఎరుపు గీతలున్నాయి. షాపులో అట్టపెట్టెలు చింపుతుంటే తగిలాయనుకున్నానన్నాడు తమ్ముడు. ఆ తరువాత ఆమె డ్రాయరు లోంచి స్టెతస్కోప్ తీశారు. కంటి డాక్టరు స్టెతస్కోప్ తీయడం నేను ఎప్పుడూ చూడలేదు. ఎడమ ఛాతీ కింద, చంక వైపు పెట్టి చాలాసేపు విన్నారు. "నేను గుండె డాక్టర్ని కాదు. కానీ ఇక్కడ శబ్దం ఉంది, ఇది గుండె డాక్టరు వెంటనే వినాలి" అన్నారు.

కంటి లోపలి ఫోటో కంప్యూటరు తెర మీద చూపించారు. నారింజ రంగు నేల మీద చెట్టు వేళ్లలా పాకిన రక్తనాళాలు, వాటి పక్కన అక్కడక్కడా నిప్పురవ్వల్లాంటి ఎర్రటి మచ్చలు కనిపించాయి. కుడి కంట్లో నాలుగు, ఎడమ కంట్లో రెండు. వాటిలో మూడింటికి సరిగ్గా నడిమధ్య తెల్లటి చుక్క ఉంది, కుంకుమబొట్టు మధ్యలో ఒక బియ్యపు గింజ అంటించినట్టు. కుడి కంట్లో ఒక మచ్చ చూపుకు కేంద్రమైన భాగం పక్కనే ఉండటం వల్ల చదివేటప్పుడు అక్షరాలు మాయమవుతున్నాయని, మిగతావి అంచుల్లో ఉన్నందువల్ల అతనికి వాటి జాడే తెలియలేదని వివరించారు.

మధ్యలో తెల్లచుక్క ఉన్న ఈ రక్తపు మచ్చలను రాత్ మచ్చలంటారు. స్విట్జర్లాండు పాథాలజిస్టు మోరిట్జ్ రాత్ 1872లో రెటీనా మచ్చలను వర్ణించగా, 1878లో లిటెన్ అనే వైద్యుడు గుండె లోపొర ఇన్ఫెక్షన్ ఉన్నవారిలో తెల్ల కేంద్రం గల మచ్చలను గుర్తించి వాటికి రాత్ పేరు పెట్టాడు. ఆ తెల్లచుక్కలో ఉన్నవి క్రిములే అని ఒకప్పుడు అనుకునేవారు. చిట్లిన సన్నటి రక్తనాళాన్ని పూడ్చడానికి శరీరం వేసుకున్న, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్, ప్లేట్‌లెట్ల ముద్దే అక్కడ తెల్లగా కనిపిస్తుందని ఇప్పుడు ఎక్కువమంది చెబుతారు. ఇవి కనిపించినంత మాత్రాన గుండె జబ్బే అని తేల్చడానికి వీల్లేదని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. రక్తక్యాన్సర్‌లో, బాగా ముదిరిన రక్తహీనతలో, షుగర్, బీపీ అదుపు తప్పినప్పుడు కూడా ఇలాంటివి రావచ్చు. డెంగ్యూలోనూ రెటీనాలో రక్తపు మచ్చలు పడవచ్చు. పైగా గుండె ఇన్ఫెక్షన్ ఉన్నవారిలో కొద్దిమందికే ఇవి కనిపిస్తాయి కాబట్టి, కళ్లు బాగున్నాయని ఆ జబ్బు లేదనుకోవడమూ తప్పే. నెల దాటిన జ్వరం, చిన్ననాటి కీళ్లవాతం, గుండెలో శబ్దం, గోళ్ల కింద గీతలు, రెప్ప లోపలి చుక్కలు, వీటన్నిటి పక్కన పెట్టి చూసినప్పుడే రెటీనా మచ్చకు అర్థం వస్తుంది. జబ్బు ఎండోకార్డైటిస్, అంటే గుండె లోపొర ఇన్ఫెక్షన్ కావచ్చని, కాకపోతే అంతకంటే సంతోషం లేదని అన్నారు.

అది ఏమిటో ఆమె చెప్పిన తీరు నాకు బాగా అర్థమైంది. గుండె వాల్వు తలుపు రెక్కలాంటిది. పాత జబ్బుతో ఆ రెక్క గరుకెక్కితే దాని మీద రక్తపు గడ్డ సన్నగా పేరుకుంటుంది. నోటి లోంచో చర్మం లోంచో రక్తంలోకి చేరిన క్రిములు ఆ గడ్డలో గూడు కట్టుకుంటాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ గూడు ఊగుతుంది, కొన్నిసార్లు దాని ముక్కలు తెగి రక్తంతో పాటు మెదడుకో, మూత్రపిండాలకో, ప్లీహానికో, కాళ్లకో, కంటికో పోయి ఇరుక్కుంటాయి. ఒంటి లోపలి రక్తనాళాలను కోత లేకుండా నేరుగా చూడగలిగిన చోటు కంటి వెనుక భాగమే కనుక, ఇలాంటి జబ్బు ఒక్కోసారి ముందు అక్కడ పట్టుబడుతుంది.

తరువాత ఆమె చేసిన పనులే ఈ సమీక్షకు అసలు కారణం. కంటికి ఏ చుక్కలూ రాయలేదు. మాత్రలు రాయలేదు. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇచ్చి వారం ఆగి రమ్మని అనలేదు. తన లెటర్‌హెడ్ మీద ఒక పేజీ ఉత్తరం రాశారు. అందులో జ్వరం ఎప్పటి నుంచి ఉందో, ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడాడో, చివరి మాత్ర ఏ తేదీన వేసుకున్నాడో, కంట్లో, రెప్పలో, గోళ్లలో ఏం కనిపించిందో వరసగా ఉంది. అడుగున గీత కొట్టి ఒక వాక్యం రాశారు: ఇంకో యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు వేర్వేరు చోట్ల నుంచి మూడు విడతలుగా రక్తం కల్చరుకు తీయాలి. మందు ముందే పడితే రక్తంలో క్రిమి దొరకకపోవచ్చని, దొరకకపోతే ఏ మందు ఇవ్వాలో చీకట్లో వెతుక్కోవలసి వస్తుందని మాకు కూడా విడమరచి చెప్పారు. కంటి ఫోటోలు ప్రింటు తీసి ఉత్తరానికి పిన్ను చేశారు. ఒక పెద్ద ఆసుపత్రిలో తెలిసిన ఫిజీషియన్‌కు మా ముందే ఫోన్ చేసి మాట్లాడారు. "రేపు పొద్దున పోతం మేడమ్, ఒక ఆర్డరు ఇయ్యాల్సి ఉంది" అని తమ్ముడు అంటే, "లేదండీ, ఈ రాత్రికే వెళ్లాలి. రేపటికి ఏమైనా జరగవచ్చు, జరగకపోవచ్చు. అది మీరూ నేనూ పందెం కాసే విషయం కాదు" అన్నారు. మందలింపులా లేదు ఆ మాట. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినట్టుంది. నేను ఆటో మాట్లాడటానికి కిందికి దిగేసరికి, చుక్కలతో కళ్లు బైర్లు కమ్మిన తమ్ముణ్ణి ఆ అమ్మాయి చేయి పట్టుకుని మెట్లు దింపుతోంది.

ఆసుపత్రి సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆ రాత్రే మూడు విడతల రక్తం తీశారు. మరుసటి రోజు ఎకోలో, అంటే గుండె స్కానులో, గుండె ఎడమ గదుల మధ్యనున్న మైట్రల్ వాల్వు లీకవుతోందని, దాని మీద ఏదో ఊగుతున్నట్టుందని కనిపించింది. గొంతులోంచి గొట్టం దింపి చేసే ఎకోలో అది స్పష్టంగా తేలింది. రెండో రోజుకు కల్చరులో స్ట్రెప్టోకాకస్ జాతి క్రిమి పెరిగింది, మామూలుగా నోట్లో ఉండే రకమే. నాలుగు వారాలు రోజూ నరంలోకి సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించారు. ఆపరేషన్ అవసరం రాలేదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 1994లో ప్రతిపాదించి, 2000లోను, 2023లోను సవరించిన ప్రమాణాల పట్టిక ఒకటి ఈ జబ్బును నిర్ధారించడానికి వాడతారని, అందులో కల్చరు, ఎకో పెద్ద ఆధారాలైతే రాత్ మచ్చలు, రెప్ప లోపలి రక్తపు చుక్కలు చిన్న ఆధారాల కింద ఇప్పటికీ ఉన్నాయని అక్కడి ఫిజీషియన్ చెప్పారు. కంటి డాక్టరు ఉత్తరం అంత వివరంగా ఉండటం వల్ల ఆ రాత్రి తమకు ఒక్క గంట కూడా వృథా కాలేదని కూడా అన్నారు.

ఇంటికి వచ్చాక రెండుసార్లు మళ్లీ కంటి క్లినిక్‌కు వెళ్లాం. రద్దీ లేని ఒక సాయంత్రం డాక్టరు గారిని నేను అడిగిన ప్రశ్నలకు ఆమె చెప్పిన జవాబులు ఇంకొందరికి పనికివస్తాయి. ఎర్రటి కన్ను, పుసి, దురద చూసి ఎవరూ గుండె గురించి భయపడనక్కరలేదు, అవి దాదాపు ఎప్పుడూ మామూలు కళ్లకలకో అలర్జీయో అవుతాయి. కానీ వారాల తరబడి వదలని జ్వరం ఉన్నవారికి, అందులోనూ కీళ్లవాతం వల్ల వాల్వు దెబ్బతిన్నవారికి, కృత్రిమ వాల్వు వేయించుకున్నవారికి, పుట్టుకతో గుండె లోపం ఉన్నవారికి, ఇదివరకే ఒకసారి ఈ ఇన్ఫెక్షన్ వచ్చినవారికి, డయాలసిస్ చేయించుకుంటున్నవారికి కంట్లో కొత్తగా ఏ మార్పు వచ్చినా దాన్ని కంటి జబ్బుగా మాత్రమే చూడకూడదు. కొత్తగా మసక, చూపులో నిలబడిపోయిన మచ్చ, తమ్ముడికి వచ్చినట్టు నొప్పి లేకుండానే రావచ్చు. వాల్వు మీది ముక్క తెగి రెటీనా ధమనిలో ఇరుక్కుంటే ఒక కంటి చూపు నొప్పి లేకుండా క్షణాల్లో ఆరిపోతుంది, తెర దించినట్టు. మెదడులోకి పోతే రెండు కళ్లకూ ఒకే వైపు సగం కనిపించకపోవచ్చు, ఒకటి రెండుగా కనిపించవచ్చు, మూతి వంకర పోవచ్చు, మాట తడబడవచ్చు. ఈ రకంగా హఠాత్తుగా వచ్చినవాటికి కంటి క్లినిక్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా నేరుగా పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇంకొకటి, రక్తంలో తిరుగుతున్న క్రిమి కంటి లోపలే గూడు కట్టుకుంటే కన్ను ఎర్రబడి, లోతైన నొప్పి పుట్టి, చూపు గంటల్లోనో రోజుల్లోనో పడిపోతుంది. అది కళ్లకలకలాగే మొదలవడం వల్ల మందుల షాపులో చుక్కలు కొనుక్కుని వాడుతూ కాలం పోగొట్టుకునేవారు ఉన్నారని చెబుతూ ఆమె చాలా నొచ్చుకున్నారు.

పన్ను పీకించుకోవడం గురించి కూడా అడిగాను, ఎందుకంటే మా ఇంట్లో అందరికీ పంటి డాక్టరు అంటే భయం పట్టుకుంది. భయపడి పళ్లు చూపించుకోవడం మానేస్తే ఇంకా ప్రమాదమన్నారు. చీము పట్టిన పన్ను నోట్లో ఉంచుకుంటే నమిలినప్పుడు, బ్రష్ చేసినప్పుడు కూడా క్రిములు రక్తంలోకి పోతూనే ఉంటాయి. ఈ ఇన్ఫెక్షన్ ఒకసారి వచ్చినవారు, కృత్రిమ వాల్వు ఉన్నవారు పన్ను తీయించుకునే ముందు ఒక మోతాదు యాంటీబయాటిక్ వేసుకోవాలి. ఇప్పుడు తమ్ముడు ఆ జాబితాలో చేరాడు కనుక, గుండె డాక్టరు రాసిచ్చిన కార్డు ఒకటి పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

క్లినిక్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. కూర్చునే చోటు చాలదు, ఆరు కుర్చీలుంటే సాయంత్రం పన్నెండు మంది ఉంటారు. చుక్కలు వేయించుకున్నవారు కళ్లు మూసుకుని మెట్ల మీద కూర్చోవలసి వస్తోంది, ముసలివాళ్లకు అది మంచిది కాదు. లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు. చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు చూపు మసకగా ఉంటుందని, బండి నడపకూడదని ఫోన్‌లో అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. మాకు అక్కడికి వెళ్లాక తెలిసింది. అన్నిటికంటే ముఖ్యమైనది, కౌంటరు దగ్గర ఇచ్చే కాగితంలో షుగర్, బీపీ గడులు ఉన్నాయి గానీ జ్వరం గడి లేదు, గుండె జబ్బు గడి లేదు. ఆ రోజు డాక్టరు గారు అడిగారు కాబట్టి సరిపోయింది. అడగడం ఒక మనిషి జ్ఞాపకం మీద ఆధారపడకూడదని ఆమెతోనే అన్నాను. ఆమె కాదనలేదు. చివరిసారి వెళ్లినప్పుడు పాత కాగితాల మీదే బాల్‌పెన్నుతో రెండు గడులు గీసి ఉన్నాయి, పెద్దాయన దస్తూరీతో.

ఫీజు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. మొదటిసారి 500 రూపాయలు, కంటి లోపలి ఫోటోలకు 800, నెలలోపు మళ్లీ చూపించుకుంటే ఏమీ తీసుకోలేదు. కింద మందుల దుకాణం ఉన్నా అక్కడే కొనమని ఎవరూ అనలేదు. అద్దాల ఫ్రేములు వాళ్లు అమ్మరు. అక్కడికి వెళ్లేవారు పాత చీటీలన్నీ, ముఖ్యంగా ఇటీవల వాడిన యాంటీబయాటిక్ మాత్రల ఖాళీ అట్టలు పారేయకుండా పట్టుకువెళ్లండి. మేము తీసుకువెళ్లలేదు. తమ్ముడు మాత్రల రంగు చెబుతుంటే ఆమె ఫోన్‌లో మరదలికి చెప్పి చెత్తబుట్టలోంచి అట్టలు తీయించి, వాటి పేర్లు చదివించుకుని ఉత్తరంలో రాయవలసి వచ్చింది. ఆదివారం సెలవు, మిగతా రోజుల్లో సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిది దాకా ఉంటారు. తోడుగా ఒకరు ఉండాలి, సొంత బండి మీద వెళ్లకండి, నల్లద్దాలు ఉంటే వెంట ఉంచుకోండి.

నవంబరులో చివరిసారి చుక్కలు వేసి చూశారు. ఎడమ కంట్లో మచ్చలు పూర్తిగా పోయాయి. కుడి కంట్లో చూపు కేంద్రం పక్కనున్నది లేత పసుపు జాడగా మిగిలింది. పలక మీద చివరి వరుసకు పైవరుస దాకా చదివాడు. ఆ అమ్మాయి మళ్లీ ఆ నల్లటి బిళ్ల అడ్డం పెట్టింది. ఈసారి చివరి వరుసలో మూడు అక్షరాలు తేటపడ్డాయి. అప్పుడు గానీ ఆమె నంబరు చీటీ రాసివ్వలేదు. మర్నాడు కాచిగూడలో ఫ్రేము కొనుక్కున్నాడు.